చుక్కల పురుగు మీద తీర్పు

నది రెండు పాయలుగా చీలిన చోట ఒక లంక ఉండేది. ఆ లంకలో అందరూ కూరగాయలు పండించేవారు. తెల్లవారగానే ఒక పడవ వాళ్ళ బుట్టలన్నీ ఎక్కించుకుని అవతలి ఒడ్డున సంతకు పోయేది. ఆ లంకలో తీర్పులు చెప్పే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది. తీర్పులు చెప్పగా చెప్పగా అది అరిగిపోయి 'తీర్పుగారు' అన్నది మిగిలింది. భార్య కూడా అలాగే పిలిచేది. "తీర్పుగారూ, నీళ్ళు తోడాను, స్నానానికి లేవండి" అనేది.

తీర్పుగారు అరుగు మీద నులక మంచంలో కూర్చునేవారు. లంకలో ఏ తగాదా వచ్చినా ఆ అరుగు దగ్గరికే రావాలి. వచ్చినవాడు చెప్పులు విడిచి, సంగతి చెప్పి, మళ్ళీ చెప్పులు తొడుక్కునేలోగా తీర్పు వచ్చేసేది. అది ఒక్క వాక్యం దాటేది కాదు. ఆ తీర్పు సరైనదా కాదా అని ఎవరూ అడిగేవారు కాదు. పొట్టిగా ఉందా లేదా అన్నదే చూసేవారు. పొట్టిదైతే గుర్తుంటుంది.

ఒకసారి ఇద్దరు వదినామరదళ్ళు వచ్చారు. వదినగారి మడిలో దానంతటదే మొలిచిన పాయలకూరను కలుపనుకుని మరదలు పీకేసింది. అది కలుపు కాదు, మధ్యాహ్నం పప్పులోకి దాచుకున్నానని వదిన ఏడ్చింది. తీర్పుగారు మీసం దువ్వి అన్నారు:

"విత్తింది పంట, విత్తనిది కలుపు."

ఎంత బాగుందో అని వదిన కూడా మెచ్చుకుంది. ఆ వారంలో లంకంతా విత్తనివన్నీ పీకేశారు. తుంగ పోయింది, గరిక పోయింది. వాటితోపాటు పెంట మీద తనంతట తాను మొలిచిన టమాటాలూ పోయాయి, కాకి పుణ్యాన పుట్టి కాపుకొచ్చిన బొప్పాయిలూ పోయాయి. పది రోజులకు తుంగ తిరిగొచ్చింది. దాని గడ్డలు జానెడు లోతున ఉంటాయి, అంత లోతుకు తీర్పు వినబడదు. బొప్పాయి మాత్రం తీర్పును గౌరవించి మళ్ళీ రాలేదు.

ఇలా ఉండగా ఒకరోజు బుల్లెమ్మ వచ్చింది.

బుల్లెమ్మ ఒంటరి మనిషి. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఇరవై సాళ్ళ వంగతోట. ఆ వంకాయలు పడవెక్కితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమె ఒక వంగాకును, ఆకు మడతలో ఒక పురుగును పట్టుకొచ్చింది. ఆకు జల్లెడలా ఉంది. పురుగు శనగబద్దంత ఉంది, ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలతో.

"దీన్ని అక్షింతల పురుగంటారండీ. పెళ్ళివారిలా దిగిపోయాయి. ఆకులన్నీ గోకి తినేస్తన్నాయి. ఏం చెయ్యమంటారు?"

తీర్పుగారు మంచం మీద నుంచే మెడ చాచి చూశారు. ఎరుపు కనిపించింది, చుక్కలు కనిపించాయి. అంతకంటే ఎక్కువ చూడడం ఆయనకు అలవాటు లేదు.

"చుక్కల పురుగు శత్రువు, కనబడితే చంపెయ్యాలి."

డప్పు సత్తెయ్య సందు సందునా దండోరా వేశాడు. ఈ తీర్పు పాటించనివాళ్ళ బుట్ట పడవెక్కదని కూడా చాటాడు. జనం ఉత్సాహంగా చంపారు. చంపమని చెప్పే తీర్పులు ఎప్పుడూ తొందరగా అమలవుతాయి.

బుల్లెమ్మ వంగతోట తేరుకుంది. కొత్త చిగుళ్ళు వచ్చాయి, ఊదారంగు పూలొచ్చాయి. ఆమె మొదటి కోత వంకాయలు నాలుగు తెచ్చి తీర్పుగారి అరుగు మీద పెట్టి దణ్ణం పెట్టింది.

నెల తిరిగేసరికి గవర్రాజు వచ్చాడు.

గవర్రాజుది బుల్లెమ్మ పక్క తోటే. మధ్యలో ఒక కంప కంచె. అతనిది చిక్కుడు పందిరి. అతను తెచ్చిన చిక్కుడు కొమ్మ నల్లగా, జిగురుగా ఉంది. కొమ్మ పొడవునా పేనుబంక పట్టింది. ఆవగింజలంత పురుగులు చోటు లేకుండా ఒకదానిమీద ఒకటి ఎక్కి రసం పీలుస్తున్నాయి.

"తీర్పుగారండీ, నేను మీ మాట జవదాటలేదు. పందిరి మీద చుక్కల పురుగులున్నాయి, ఏరేరి చంపేశాను. అవి పోయినకాడినుంచే ఈ దరిద్రం పట్టుకుంది. ఆలోచిస్తే ఇప్పుడు గుర్తొస్తంది. అవి ఈ పేనునే తినేవండి. నా కళ్ళతో చూశాను. చూసి కూడా చంపాను, తీర్పు కదా అని."

తీర్పుగారు కొమ్మను చూశారు. చేతికి జిగురంటింది. కండువాకు తుడుచుకున్నారు. ఆయన మొండివాడు కాదు. ఒక తీర్పు తప్పయితే ఇంకో తీర్పు చెప్పడానికి ఆయన ఎప్పుడూ వెనకాడలేదు.

"చుక్కల పురుగు మిత్రుడు, దాన్ని ముట్టుకోరాదు."

సత్తెయ్య మళ్ళీ దండోరా వేశాడు. నిన్నటి శత్రువు ఇవాళ మిత్రుడెలా అయ్యాడని ఒకరిద్దరు అడిగారు. "నేను డప్పు కొట్టేవాణ్ణి, నన్నడుగుతారేంటి?" అన్నాడు సత్తెయ్య.

ఇరవై రోజులు గడిచాయి. ఒక ఉదయం బుల్లెమ్మా గవర్రాజూ ఒకేసారి అరుగు ముందుకు వచ్చారు. కంచె దగ్గర మొదలైన కేకలు దారంతా వేసుకుంటూ వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ చెరో ఆకు దొన్నె ఉంది. ఇద్దరి దొన్నెల్లోనూ చుక్కల పురుగులే.

"ఈయనగారి మిత్రులు నా తోట తినేశారండీ!" అంది బుల్లెమ్మ.

"అక్కా, అవి ఆకు తినవు. పేను తింటాయి. నా పందిరి ఇప్పుడిప్పుడే బాగుపడతంది. వాటి జోలికెళ్ళావంటే ఊరుకోను" అన్నాడు గవర్రాజు.

"ఆకు తినవా? మరి నా ఆకులు నేను తిన్నానా?"

"నీ కళ్ళు తేడా ఏమో."

"నీ పురుగుకి నోరు లేదా, నీకు బుద్ధి లేదా?"

జనం మూగారు. సత్తెయ్య డప్పు మంటకు కాచుకుని సిద్ధంగా నిలబడ్డాడు. అందరూ తీర్పుగారి మీసం వైపు చూస్తున్నారు.

తీర్పుగారు ఒక దొన్నెలోకి చూశారు. ఎరుపు, చుక్కలు. ఇంకో దొన్నెలోకి చూశారు. ఎరుపు, చుక్కలు. మీసం ఒకసారి దువ్వారు. రెండోసారి దువ్వారు. వాక్యం రాలేదు. ముప్ఫై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఇద్దరూ నిజమే చెబుతుంటే ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు.

"మీరొకసారి వచ్చి చూడండి" అంది బుల్లెమ్మ.

"తీర్పు చెప్పేవాడు వెళ్ళి చూడ్డమేంటి బుల్లెమ్మా? ఎవరైనా వింటే నవ్వుతారు."

"చూడకుండా చెప్పడమేంటండీ మరి?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తీర్పుగారికి చెవులు వేడెక్కాయి. ఆయన మంచం దిగారు.

ఆ దారిలో ఆయన నడిచి చాలా ఏళ్ళయింది. అడుగడుగునా ఎవరో ఒకరు ఆగి, "ఎక్కడికండీ, ఎవరైనా పోయారా?" అని అడిగారు. తీర్పుగారు నడిచి వెళితే అది చావుకే అయ్యుంటుందని లంకలో నమ్మకం.

వంగతోటలో అడుగుపెట్టి ఆయన నిలబడిపోయారు. ఇరవై సాళ్ళలో పదిహేను సాళ్ళ ఆకులు ఈనెలుగా మిగిలాయి. ఎండు ఆకులు గాలికి గలగలమంటున్నాయి. పూలు రాలి మట్టిలో కలిశాయి. ప్రతి ఆకు మీదా పురుగులు తీరిగ్గా మేస్తున్నాయి.

"ఇంత జరుగుతుంటే చూస్తూ కూర్చున్నావా బుల్లెమ్మా? చేత్తో ఏరేస్తే పోయేది కదా!"

"మీరు ముట్టుకోవద్దన్నారండీ. ముట్టుకోలేదు" అంది బుల్లెమ్మ. "పొద్దున్నే వచ్చి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడేదాన్ని. బయటపెడితే ఏరేస్తానని."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పింది. తీర్పుగారికి నిష్ఠూరమైతే తట్టుకునే అలవాటుంది. ఇది తట్టుకోలేకపోయారు. ఆయన పంచె ఎగగట్టి ఒక వంగమొక్క ముందు మట్టిలో చతికిలబడ్డారు.

మొదటి గంటలో ఆయనకు ఏమీ కనబడలేదు. చూడడానికి కూడా కొంత అభ్యాసం కావాలి. రెండో గంటలో పురుగు వీపు కనిపించింది. అది ఎరుపే కాని మెరవడం లేదు. దాని మీద సన్నటి నూగు ఉంది, దుమ్ము పడ్డ గుడ్డలా. చుక్కలు లెక్కపెట్టారు. పురుగు కదిలింది, లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టారు. నాలుగోసారికి ఒక రెక్క మీద పధ్నాలుగు, రెండో రెక్క మీద పధ్నాలుగు తేలాయి. ఆకు తిప్పి చూశారు. అడుగున పసుపుపచ్చని గుడ్లు గుంపుగా నిలబెట్టి ఉన్నాయి. పక్కనే పసుపురంగు పిల్లలు, ఒళ్ళంతా ముళ్ళతో, ఆకును గోకి తింటున్నాయి.

మధ్యాహ్నం ఆయన కంచె దాటి చిక్కుడు పందిరి కిందికి వెళ్ళారు. అక్కడి పురుగు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. చుక్కలు ఆరే. అది పేనుబంక గుంపులోకి దిగి, మనం వేరుశనగపప్పు తిన్నట్టు, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని తింటోంది. తీర్పుగారు అలా ఇరవై పేల దాకా లెక్కపెట్టారు.

ఇంతలో ఆయన చేతి పక్కన ఒక నల్లటి పురుగు పాకింది. పొడుగ్గా, గరుకుగా, చిన్న మొసలిలా ఉంది. ఆయన ఉలిక్కిపడి బొటనవేలితో నలిపేశారు.

"అయ్యో, అది వాటి పిల్లండీ" అన్నాడు గవర్రాజు. "పెద్దవాటికంటే అదే ఎక్కువ పేను తింటది. పెద్దయ్యాకే ఆ ఎరుపొచ్చేది."

తీర్పుగారు బొటనవేలి వైపు చాలాసేపు చూసుకున్నారు.

"చూడ్డానికి బాగా లేదని చంపేశానయ్యా" అన్నారు.

చివరికి ఆయన ఒక పని చేశారు. చిక్కుడు మీది పురుగును తెచ్చి వంగాకు మీద వదిలారు. అది ఆకంతా తిరిగి, ఏమీ ముట్టకుండా, రెక్కలు విప్పి ఎగిరిపోయింది. వంగతోట పురుగును తీసుకెళ్ళి పేనుబంక మధ్యలో వదిలారు. అది సంతలో జనాన్ని తప్పించుకుంటూ పోయేవాడిలా పేను మీదుగా నడిచి పోయింది. ఒక్కదాన్నీ తినలేదు.

కంచెకు ఆ పక్క నుంచి బుల్లెమ్మ చూసింది, ఈ పక్క నుంచి గవర్రాజు చూశాడు. గవర్రాజు అన్నాడు:

"అక్కా, నీ కళ్ళకేం తేడా లేదులే."

"నీ బుద్ధి కూడా పర్లేదు" అంది బుల్లెమ్మ.

మర్నాడు తీర్పుగారు ఊరందర్నీ పిలిపించారు. రెండు అరచేతుల్లో రెండు పురుగులు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. ఇది మెరుస్తుంది, అది మెరవదు. దీనికి చుక్కలు తక్కువ, దానికి ఇరవై ఎనిమిది. దీని పిల్ల నలుపు, దాని పిల్ల పసుపు. గుడ్లు రెండిటివీ ఒక్కలాగే ఉంటాయి, కాబట్టి అవి ఏ మొక్క మీద ఉన్నాయో, పక్కన పేనుబంక ఉందో లేదో చూసుకోవాలి. ఆయన చెబుతూనే ఉన్నారు. జనం ఇబ్బందిగా కదిలారు. ఆయన నోటి నుంచి రెండో వాక్యం వినడం వాళ్ళకు కొత్త. ఇది ఇరవయ్యో వాక్యం.

"ఇంతకీ చంపాలా వద్దా?" అన్నాడు ఒకడు.

"ముందు అది ఏం తింటోందో చూడాలి. ఆకు తింటుంటే ఏరి కుంకుడు నీళ్ళలో పడెయ్యి. పేను తింటుంటే దాని దారిన దాన్ని వదిలెయ్యి."

"ఏమీ తినకుండా ఊరికే కూర్చుంటే?"

"నువ్వూ కూర్చో. ఎప్పటికైనా తింటుంది."

"నాకు పనుందండీ" అన్నాడు వాడు. "ఒక్క ముక్కలో చెప్పండి."

"ఒక్క ముక్కలో లేదయ్యా."

"ఒక్క ముక్కలో లేకపోతే మీరెందుకండీ?"

అడిగినవాడు దురుసు మనిషి కాదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. సత్తెయ్య మాత్రం మిగిలాడు.

"దండోరా ఏమని వెయ్యమంటారండీ?"

"చూడండి అని వెయ్యి."

సత్తెయ్య వెళ్ళి "చూడండహో" అని వేశాడు. జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి సత్తెయ్యను చూశారు. కాసేపు చూసి, ఏమీ లేదని లోపలికి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా లంకకు కొత్త తీర్పుగారు వచ్చాడు. సంతలో వేలంపాట పాడే నూకరాజును తెచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేలోగా దేన్నైనా తేల్చేసే మనిషి. గొంతు కూడా గట్టిది. పురుగుల సంగతి అడగ్గానే అతను తేల్చేశాడు:

"ఎర్రదంతా శత్రువు, పచ్చదంతా మిత్రుడు."

చప్పట్లు కొట్టారు. ఎర్ర తోటకూర వేసినవాళ్ళు మాత్రం కొంచెం భయపడ్డారు. పచ్చపురుగులకు ఆ కాలంలో జరిగినంత మర్యాద మరెప్పుడూ జరగలేదు.

మంచం పోయినందుకు పాత తీర్పుగారు బాధపడతారని భార్య రెండు రోజులు కనిపెట్టుకుని చూసింది. ఆయన తెల్లారకముందే లేచి బుల్లెమ్మ తోటకు వెళ్ళిపోయేవారు. సాలుకు ఈ వైపు బుల్లెమ్మ, ఆ వైపు ఆయన. ఆకులు ఒక్కొక్కటే తిప్పి, పసుపు గుడ్ల గుంపులున్న ఆకులు తుంచి, పిల్లల్నీ పెద్దవాటినీ ఏరి కుంకుడు నీళ్ళ ముంతలో వేసేవారు. నూకరాజు తీర్పు కూడా బుల్లెమ్మ తోటకు అడ్డం రాలేదు, ఎందుకంటే ఆమె పురుగు ఎర్రదే. ఇబ్బంది గవర్రాజుకు వచ్చింది. అతను తన ఎర్ర మిత్రుల్ని చంపనన్నాడు. అతని చిక్కుడు బుట్టను పడవ మీదికి రానివ్వలేదు.

రెండు రోజులు ఆ చిక్కుళ్ళు బుట్టలోనే వాడిపోయాయి. మూడోరోజు బుల్లెమ్మ తన బుట్టలో అడుగున చిక్కుళ్ళు పోసి, పైన వంకాయలు పేర్చింది.

"తీర్పు తప్పుతున్నావక్కా. తెలిస్తే నీ బుట్ట కూడా దించేస్తారు" అన్నాడు గవర్రాజు.

"ఒకసారి తీర్పు పాటించి పదిహేను సాళ్ళు పోగొట్టుకున్నాను. ఈసారి తప్పి చూస్తాను" అంది బుల్లెమ్మ.

పడవ వాడు బుట్ట ఎత్తి, బరువు చూసి, బుల్లెమ్మ మొహం చూశాడు. వాళ్ళావిడ కూడా ఇంట్లో చిక్కుడు పాదు పెంచుతోంది. బుట్టను పడవలో పెట్టాడు.

నెల్లాళ్ళకు వంగతోట మళ్ళీ పూత పట్టింది. అప్పటినుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని మీద వచ్చినట్టు కంచె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఒకామె అగ్గిపెట్టె అడగడానికి వచ్చి, వెళ్ళబోతూ కొంగులోంచి ఒక ఆకు తీసేది. ఇంకొకామె దారి తప్పిన మేకను వెతుకుతూ వచ్చేది. ఆమెకు మేక లేదని అందరికీ తెలుసు. పాత తీర్పుగారు వాళ్ళకు తీర్పు చెప్పేవారు కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆకు తిప్పి, "ఏం కనిపిస్తోంది?" అని అడిగేవారు. వాళ్ళు చెప్పేది వినేవారు. కొన్నిసార్లు ఆయనకు తెలియనిది వాళ్ళకు కనిపించేది.

ఒక ఉదయం కొత్త తీర్పుగారు వచ్చాడు.

నూకరాజు గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. కండువా కింద ఏదో దాచాడు.

"ఊరికే, షికారుకొచ్చానండీ" అన్నాడు.

"మంచిదే" అన్నారు పాత తీర్పుగారు, ఆకు మీద నుంచి తల ఎత్తకుండా.

"మా ఇంటావిడ నాలుగు టమాటా మొక్కలేసిందిలెండి. మొక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మిత్రులు కూడా చాలామంది ఉన్నారు." కండువా కింది నుంచి ఒక టమాటా తీశాడు. దానికి గుండ్రటి కన్నం ఉంది. కన్నంలోంచి ఒక పచ్చపురుగు సగం ఒళ్ళు బయటపెట్టి, తీరిగ్గా తింటోంది. "ఒక్క కాయ కూడా చేతికి రాలేదండీ. మా ఇంటావిడ నాతో మాట్లాడ్డం మానేసింది. నేను చెప్పిన తీర్పు నేనే ఎలా తప్పేది?"

టమాటాను అరచేతిలో పెట్టి పాత తీర్పుగారి ముందుకు చాచాడు.

పాత తీర్పుగారు అతని మొహం వైపు చూశారు. మట్టిలో కొంచెం పక్కకు జరిగారు. నూకరాజు తన ఇస్త్రీ పంచె వైపు ఒకసారి చూసుకుని, ఆ జరిగిన చోట కూర్చున్నాడు.

పొద్దెక్కింది. అరుగు ముందు జనం చేరారు. ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదాతో వచ్చారు, ఒకామె కోడిపుంజుతో వచ్చింది. సత్తెయ్య డప్పు కాచుకుని నిలబడ్డాడు. మంచం ఖాళీగా ఉంది. తోట నుంచి వస్తున్న బుల్లెమ్మను ఆపి, కొత్త తీర్పుగారు కనిపించాడా అని అడిగారు.

"ఇవాళ రాడులెండి" అంది బుల్లెమ్మ. "ఆ గట్టేదో మీరే వెళ్ళి ఒకసారి చూసుకోండి."

ఆమె ఇంటికి వెళ్ళి చల్ల చిలికి, ఉప్పేసి, చెంబుడు మజ్జిగ పట్టుకుని తోటకు తిరిగొచ్చింది. వంగసాళ్ళ మధ్య రెండు వీపులు పక్కపక్కన వంగి ఉన్నాయి. ఒకటి ముసలిది, ఒకటి వయసుది. రెండిటికీ మట్టి అంటింది. చిన్న వీపు చెయ్యెత్తి ఏదో చూపించింది, పెద్ద వీపు ముందుకు వంగింది.

బుల్లెమ్మ కంచె మీదుగా నెమ్మదిగా పిలిచింది.

"గవర్రాజూ, ఇంకోడు చెడిపోయాడు. లోటాలు రెండు పట్రా."